పెంచడం ఆసాన్, ఆపడమే ముష్కిల్

సముద్రపు చేపల టాంకు మొదటిసారి పెట్టుకునేవాళ్ళకు దుకాణదారు ఇచ్చే మషవరా దాదాపు ఒకటే. "సాఫ్ట్ కోరల్ తీసుకోండి భాయ్, బహుత్ ఈజీ. చావమన్నా చావదు." ఈ మాటలో ఝూట్ ఏమీ లేదు. నా షికాయత్ అంతా ఆ మాట అక్కడితో ఆగిపోవడం మీద. చావమన్నా చావనిదాన్ని ఇంట్లోకి తెచ్చుకునేవాడికి దాన్ని ఎక్కడ ఆపాలో, ఎలా ఆపాలో కూడా చెప్పాలి కదా! కోయడం నేర్చుకోనివాళ్ళు సాఫ్ట్ కోరల్ పెట్టుకోకూడదు అన్నది నా ఖయాల్. మొదటి వారమే బ్లేడు పట్టమని కాదు. ఆరు నెలల తర్వాత పట్టక తప్పదు అన్న హిసాబ్ కొనే రోజే తెలియాలి అంటున్నాను.

మన ఇళ్ళల్లో పగడం అంటే ఉంగరంలో రాయి. ఉర్దూ మీడియం బడిలో మాకు అది మూంగా, కొంచెం కితాబీ జబాన్‌లో మర్జాన్. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకుంటే ప్రబంధాల్లో నాయిక పెదవికి పోలికగా ఎదురైంది. రెండు జబాన్లలోనూ అది ఎర్రటి రాయే. దానికి జాన్ ఉంటుందని ఏ ఉస్తాదూ చెప్పలేదు. తమాషా ఏమిటంటే, నగల దుకాణంలో ఉండే ఆ ఎర్ర పగడం సముద్రంలో దిబ్బలు కట్టే రాతి పగడాల ఖాన్‌దాన్ కాదు. టాంకులో మెత్తగా ఊగే లెదర్ కోరల్‌కి దగ్గరి రిష్తేదార్. ఈ ఖాన్‌దాన్‌లో ప్రతి పాలిప్‌కీ సరిగ్గా ఎనిమిది చేతులుంటాయి, ప్రతి చేతికీ పక్షి ఈకలాంటి అంచు ఉంటుంది. రాతి పగడాలకు ఆరు, లేదా ఆరు గుణిజాల్లో. పిల్లల చేతికి భూతద్దం ఇచ్చి లెక్కపెట్టమనండి, ఒక మధ్యాహ్నం ఫోను జోలికి పోకుండా గడిచిపోతుంది.

దుకాణంలో సాఫ్ట్ కోరల్ పేరుతోనే అమ్మే మష్రూమ్‌లు, జోవాలు మాత్రం ఈ ఎనిమిది చేతులవాళ్ళు కావు. లోపల రాతి అస్థిపంజరం లేదు కాబట్టి అందరినీ ఒకే బల్లమీద పెట్టేస్తారు, అంతే. జోవాల సంగతి వేరే. దానికి తర్వాత వస్తాను.

ఇవి ఎందుకు ఆసాన్ అంటే, రాతి పగడం లాగా రోజూ నీళ్ళలోంచి కాల్షియం లాగి ఇల్లు కట్టుకునే జంఝట్ వీటికి లేదు. ఒంట్లో సన్నటి సున్నపు సూదులు ఉంటాయి, వాటికి కావలసింది కొంచెమే. కండలో కాపురముండే ఆల్గే వెలుతురుతో వండిపెడుతుంది. పైగా నీళ్ళు మరీ సాఫ్‌గా ఉంటే వీటికి నచ్చదు. నైట్రేటు కొద్దిగా ఉండాలి. ఇంట్లో ముగ్గురు పిల్లలు పోటీపడి చేపలకు గింజలు వేసే టాంకు వీటికి రోజూ దావతే. అందుకే మీరేమీ చేయకపోయినా పెరుగుతాయి, మీరేమీ చేయకపోతేనే ఇంకా బాగా పెరుగుతాయి.

ఎవరు ఎలా పాకుతారో తెలిస్తే సగం ఫికర్ తగ్గుతుంది. గ్రీన్ స్టార్ పాలిప్ ఊదారంగు ఖాలీన్ పరిచినట్టు పాకుతుంది. ఆ ఖాలీన్ ముట్టుకున్న ప్రతి రాయీ దానిదే, ఆఖరికి వెనక అద్దం కూడా. కెన్యా ట్రీ తన కొమ్మల్ని తానే వదిలేస్తుంది. నీళ్ళ వాలులో కొట్టుకుపోయి ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ కొత్త చెట్టు. మష్రూమ్ రాయి మీద మెల్లగా జరుగుతూ, వెనక చిన్న తునక వదిలిపెడుతూ పోతుంది. ఆ తునక ఇంకో మష్రూమ్. జీనియా వీళ్ళందరికీ బాద్‌షా. పిడికిలి తెరిచి మూసినట్టు రాత్రీ పగలూ కొట్టుకుంటూ ఉంటే చూసినవాళ్ళు ఫిదా అయిపోతారు. ఆ కొట్టుకోవడం ఎందుకో కూడా 2013లో ఎర్ర సముద్రంలోని దాని బంధువు మీద పని చేసిన పరిశోధకులు తేల్చారు. ఒంటి చుట్టూ పేరుకున్న ఆక్సిజన్‌ను ఊడ్చేసుకుంటే లోపలి ఆల్గే పని జోరుగా సాగుతుంది. అందానికి అందం, కమాయికి కమాయి. కానీ అదే జీనియా టాంకంతా నిండిపోయి, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మొత్తం కరిగిపోవడం కూడా షౌకీన్లకు తెలిసిన కథే. అప్పుడు ఆ కుళ్ళు నీళ్ళను, చేపలను కూడా పట్టుకుంటుంది.

లెదర్ కోరల్ పాకదు. అది పెద్ద పుట్టగొడుగులాగా పెరిగి కింద ఉన్నవాళ్ళకు నీడ కమ్మేస్తుంది. ఇంకో హథియార్ కూడా ఉంది దానికి. పారిపోలేని, ముళ్ళు లేని, మెత్తటి ఒళ్ళున్న ప్రాణి సముద్రంలో ఎలా బతికి బట్టకట్టింది? విషంతో. 1974లో ఎర్ర సముద్రపు సార్కోఫైటాన్ గ్లాకం నుంచి సార్కోఫైన్ అనే పదార్థాన్ని విడదీశారు. 1980లలో ఆస్ట్రేలియాలో జాన్ కోల్, పాల్ సమ్మార్కో బృందం ఈ మెత్తటి పగడాలు నీళ్ళలోకి వదిలే పదార్థాలతో పక్కనున్న రాతి పగడాలను దెబ్బతీయగలవని చూపింది. సముద్రంలో అల కడిగేస్తుంది. మీ 200 లీటర్ల టాంకులో అల లేదు, ఆ విషం అక్కడే తిరుగుతుంది. యాక్టివేటెడ్ కార్బన్ సంచీ పెట్టి, ప్రతి నెలా మార్చడం ఫజూల్ ఖర్చు కాదంటాను నేను. దీనితోబాటు ఒక తసల్లీ కూడా చెప్పాలి. లెదర్ అప్పుడప్పుడు ముడుచుకుని, మైనం పూసినట్టు అయిపోయి, వారం పది రోజులు మొహం చూపించదు. చచ్చిపోయిందని పారేయకండి. పాత పొర వదులుకుంటోంది. నీళ్ళ వాలు కొద్దిగా పెంచితే ఆ పొర ఊడిపోతుంది.

ఇక కోత. దీని గురించి భయపెట్టేవాళ్ళు ఎక్కువ, చేసి చూపించేవాళ్ళు తక్కువ. సార్కోఫైటాన్‌ను టాంకు నుంచి తీసి, టాంకు నీళ్ళున్న గిన్నెలో పెట్టి, పదునైన కొత్త బ్లేడుతో తలను ఒక్క వేటులో కోయాలి. మిగిలిన కాండం కొన్ని వారాల్లో కొత్త తల పెట్టుకుంటుంది. కోసిన తలను పిజ్జా ముక్కల్లాగా చేస్తే ప్రతి ముక్కా ఒక కొత్త కోరల్. ఇక్కడే కొత్తవాళ్ళు ఫెయిలవుతారు, ఎందుకంటే ముక్కకు జిగురు వదులుతూ ఉంటుంది, సూపర్ గ్లూ దానికి అంటదు. చిన్న రాయి మీద ముక్క పెట్టి, దుల్హన్ ముసుగుకి వాడే సన్నటి వల గుడ్డతో వదులుగా కట్టి, వాలు తక్కువున్న చోట వదిలేయండి. ఒకటి రెండు వారాల్లో అది రాయిని పట్టుకుంటుంది. మా ఇంట్లో ఈ పనికి పెళ్ళి బట్టల్లో మిగిలిన పేలికలే వాడతాను, దానిమీద ఇంట్లో వచ్చే చమత్కారాలకు నా దగ్గర జవాబు లేదు. సినులేరియాకైతే ఒక కొమ్మ తుంచి, టూత్‌పిక్ గుచ్చి, రబ్బర్ బ్యాండుతో రాయికి నిలబెడితే చాలు.

జీనియాను కోసి అతికించే ప్రయత్నమే వద్దు. దాని పక్కన ఖాళీ రాయి పెట్టండి. అదే నడిచి ఎక్కుతుంది. ఎక్కాక మధ్యలో కోసి రాయిని పక్కకు జరపండి. గ్రీన్ స్టార్ పాలిప్ ఖాలీన్‌కు మాత్రం గ్లూ అంటుతుంది, కత్తెరతో గుడ్డలాగా కత్తిరించుకోవచ్చు. మష్రూమ్‌ను నోటి మీదుగా నాలుగు ముక్కలు చేస్తే, నాలుగూ బతుకుతాయి. కోసిన రోజు టాంకులో కార్బన్ కొత్తది ఉండాలి, గాయాలనుంచి కారే జిగురు గిన్నెలోనే కడిగేయాలి, గిన్నెలోని నీళ్ళు తిరిగి టాంకులో పోయకూడదు.

ఈమధ్య మా మేనకోడలు అడిగింది. "మామూ, పెంచుకుంటూ కోయడం జుల్మ్ కాదా?" అడగవలసిన మాటే. పగడానికి మెదడు లేదు, ఒళ్ళంతా పరుచుకున్న నరాల వల మాత్రం ఉంది. తుఫానులో విరగడం, విరిగిన చోట వేరూనడం దాని సొంత తరీఖా. కెన్యా ట్రీ అయితే ఎవరూ కోయకుండానే చేతులు రాల్చుకుంటుంది. జుల్మ్ ఎక్కడుందంటే, కోయకుండా వదిలేసి పక్కవాడి మీద పడి ఇద్దరూ నలిగేదాకా చూస్తూ కూర్చోవడంలో ఉంది. ఎండాకాలం కరెంటు పోయి నీళ్ళు వేడెక్కినప్పుడు, కిక్కిరిసిన టాంకులో ఒక పెద్ద లెదర్ చచ్చిందంటే మిగతావాళ్ళను వెంట తీసుకెళ్తుంది.

అన్నిటికన్నా మేలైన తద్బీర్ మొదటి రోజు చేసేదే. పాకే రకాలను పెద్ద రాళ్ళ గుట్ట మీద పెట్టవద్దు. ఇసుక మధ్యలో విడి రాయి మీద, జజీరాలాగా, చుట్టూ ఒక జానెడు ఇసుక వదిలి పెట్టండి. అద్దానికి ఆనించకండి. ఆ రాయి చేతితో ఎత్తి బయటకు తీయగలిగేలా ఉండాలి. ఈ ఒక్క సంగతి దుకాణంలో చెప్పి ఉంటే చాలా టాంకులు ఈరోజు పచ్చటి ఖాలీన్ కింద ఉండేవి కావు.

గుట్ట మీద ఇప్పటికే పాకిపోయి ఉంటే? గ్రీన్ స్టార్‌ను గోటితో అంచు లేపి, చాప చుట్టినట్టు ఒలవండి. జీనియాను సైఫన్ గొట్టంతో పీలుస్తూ కోయండి, లేకపోతే తునకలు టాంకంతా తిరుగుతాయి. మష్రూమ్‌ను గీరితే వెనక మిగిలిన పొర మళ్ళీ మొలుస్తుంది. దాని కింది రాతి చెక్కతో సహా ఉలితో లేపేయాలి. లేపలేని చోట చిక్కటి సున్నపు ముద్ద, షౌకీన్ల భాషలో కాల్క్‌వాసర్, సిరంజితో దాని మీద పూస్తారు. జర్మన్‌లో ఆ మాటకు అర్థం సున్నపు నీళ్ళే. పాన్ డబ్బాలోని చూనా కూడా కెమిస్ట్రీ ప్రకారం అదే మసాలా, కానీ అందులో ఇంకేం కలిసిందో తెలియదు కాబట్టి డబ్బా తెచ్చి వేయకండి, టాంకు కోసం అమ్మేదే వాడండి. పంపులు ఆపి, ఒక రోజుకు రెండు మూడింటికి మించకుండా పూయాలి. తొందరపడి పది మీద పూస్తే నీళ్ళ పీహెచ్ ఒక్కసారి ఎగిరి, మష్రూమ్‌ల బదులు చేపలు పోతాయి.

ఇంత హంగామా ఉన్నప్పుడు అసలు ఎందుకు పెట్టుకోవాలి అని అడిగేవాళ్ళకు నా జవాబు వేరే ఉంది. ఇంట్లో పెరిగిన ముక్క ఒకటి పక్కింటికి వెళ్ళిందంటే, సముద్రం నుంచి తీయవలసినది ఒకటి తగ్గింది. టాంకుల కోసం పగడాలు ఎక్కువగా పంపే దేశాల్లో ఇండోనేషియా ఒకటి. ఆ దేశమే 2018లో పగడాల ఎగుమతి ఆపేసి, 2020లో పెంచిన పగడాలకు మళ్ళీ తలుపు తీసింది. మన దేశంలో ఖానూన్ ఇంకా సఖ్త్. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోకి 2001లో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాన్ని, ఫైర్ కోరల్‌ను, ఆర్గాన్ పైప్ కోరల్‌ను, సీ ఫ్యాన్‌లను షెడ్యూల్ 1లో చేర్చారు. పులి ఉన్న జాబితా అది, సజా 3 నుంచి 7 ఏళ్ళు. సీ ఫ్యాన్ మన ఎనిమిది చేతుల ఖాన్‌దానే అని గుర్తుంచుకోండి. లెదర్, జీనియాల పేర్లు ఆ జాబితాలో లేవని దుకాణదారు ధీమాగా అంటాడు. మరి అవి అంటుకుని ఉన్న రాయి ఏమిటి? సముద్రం నుంచి విరిచిన పగడపు దిబ్బ ముక్క అయితే పేచీ అక్కడే ఉంది. ఎవరి ఇంట్లో, ఏ సిరామిక్ ముక్క మీద పెరిగిందో చెప్పగలిగినవాళ్ళ దగ్గరే తీసుకోండి. ఇండియా నుంచి గల్ఫ్‌కు, గల్ఫ్ నుంచి ఇక్కడికి సామానులో పెట్టి తెచ్చుకుందామనే ఆలోచన అసలే వద్దు.

ఎక్కువైంది పారేయడం దగ్గర మన లాపర్వాహీ ఇంకో రకం. హైదరాబాద్ మోరీలో పడిన జీనియా ఉప్పు లేక చస్తుంది, అంతవరకు ఖైర్. విశాఖలో, కాకినాడలో, జిద్దాలో, దమ్మాంలో ఉన్నవాళ్ళకు ఆ తసల్లీ లేదు. వెనెజువెలా తీరంలో మోచిమా జాతీయ ఉద్యానం అనే చోట హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వైపు పుట్టిన యునోమియా స్టోలోనిఫెరా అనే మెత్తటి పగడం, జీనియాకు దగ్గరి చుట్టం, పరుచుకుపోయింది. అక్కడి సొంత పగడాలను, సముద్రపు గడ్డిని కప్పేసింది. టాంకుల వ్యాపారం దారినే అది అక్కడికి చేరిందని పరిశోధకులు అంటున్నారు. 2020లో అదే ప్రాణి హవాయిలో పెర్ల్ హార్బర్‌లో కనిపించింది. ఒక చోట కోస్తే పది చోట్ల మొలిచే ప్రాణిని సముద్రం అడుగున గీరడం ఎంత పనో టాంకులో గీరినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. "సముద్రం నుంచి వచ్చింది, సముద్రంలోకే వదిలాం" అని నేకీ చేసినట్టు చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. ఏ సముద్రం నుంచి వచ్చింది, ఏ సముద్రంలోకి వెళ్ళింది? ఇవి రెండూ ఒకటి కావు జనాబ్.

ఇప్పుడు జోవాలు. రంగురంగుల బటన్లలాగా ఉంటాయి, ఒక్కో రంగుకు ఒక్కో ఫ్యాన్సీ పేరు, ఒక్కో ధర. టాంకులో వీటికన్నా అందమైనవి తక్కువ. ఇళ్ళల్లో నాకు నిజంగా భయం వేసేవి కూడా ఇవే. వీటిలో కొన్నిటిలో, ముఖ్యంగా గోధుమరంగు పెద్ద బటన్లుండే పాలిథోవాలో, పాలిటాక్సిన్ అనే జహర్ ఉంటుంది. హవాయి జాతి నుంచి మూర్, ష్యూయర్ 1971లో దాన్ని విడదీశారు. మన ఒంట్లో ప్రతి కణానికీ సోడియం, పొటాషియం హిసాబ్ చూసే పంపు ఒకటి ఉంటుంది. ఈ జహర్ ఆ పంపును తెరిచిన తలుపులా మార్చేస్తుంది. కంటిలో పడితే కన్ను, గాయంలో పడితే చేయి, ఆవిరిగా పీల్చితే ఊపిరి దెబ్బతింటాయి. అలాస్కాలో 2012 నుంచి 2014 మధ్య దుకాణాల్లో, ఇళ్ళల్లో జరిగిన ఇలాంటి కేసులను అమెరికా సీడీసీ 2015లో బయటపెట్టింది. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంట్లో టాంకు శుభ్రం చేసినందుకు కుటుంబమంతా ఆసుపత్రి పాలైంది, సాయానికి వచ్చిన ఫైర్ సిబ్బంది కూడా వెళ్ళవలసి వచ్చింది.

ఇలాంటివి ఎక్కువగా ఒకే రకంగా జరుగుతాయి. జోవాలు ఎక్కువయ్యాయని రాయిని బయటకు తీసి, సాఫ్ చేద్దామని వేడినీళ్ళు పోస్తారు, లేదా వంటింట్లో ఉడకబెడతారు, లేదా బ్రష్షుతో రుద్దుతారు. ఉడికితే ఈ జహర్ చావదు, ఆవిరిలో గదంతా తేలుతుంది. మన ఇళ్ళల్లో ఏది మురికైనా వేడినీళ్ళే మొదటి ఇలాజ్ కాబట్టి ఈ మాట అమ్మీజాన్ల చెవిన కూడా పడాలి. జోవాల రాయికి వేడినీళ్ళు లేవు, రుద్దడం లేదు, ఎండలో పెట్టి తర్వాత దులపడం లేదు. కోయాల్సి వస్తే గ్లౌజులు, కళ్ళద్దాలు, తెరిచిన కిటికీ ఉండాలి, చేతిమీద చిన్న గీత ఉన్నా ఆ రోజు వద్దు. పాకే పిల్లలున్న ఇంట్లో, ఈద్ రోజున వచ్చే పదిమంది పిల్లల చేతులు టాంకులో పడే ఇంట్లో జోవాలు పెట్టవద్దనే నేనంటాను. మీ టాంకు మీ ఇష్టం, ఖరీదైన రంగు కాబట్టి పెట్టాం అంటారా, అప్పుడు మూతకు తాళం ఉండాలి. కోసిన తర్వాత నోట్లో చేదు ఇనుము రుచి, ఒళ్ళు నొప్పులు, జ్వరం, ఆయాసం, కన్ను మంట ఏది వచ్చినా ఆసుపత్రికి వెళ్ళి "టాంకులో జోయాంథిడ్ కోశాం, పాలిటాక్సిన్" అని సాఫ్‌గా చెప్పండి. చెప్పకపోతే డాక్టరు సాబ్ దాన్ని మామూలు జ్వరం అనుకుంటారు.

ముక్కలు పంచేటప్పుడు కూడా ఇదే సాఫ్ మాట కావాలి. ముఫ్త్‌గా ఇస్తున్నాం కదా అని సగం చెప్పి ఇవ్వకూడదు. నేను ఇచ్చే ప్రతి సంచీ మీద ఒక చీటీ అంటిస్తాను. పేరు, పాకే తరీఖా, ఎక్కడ పెట్టకూడదు, జోవా అయితే ఎర్ర సిరాతో "వేడినీళ్ళు పోయవద్దు". జీనియా తీసుకోవడానికి వచ్చినవాళ్ళ టాంకు ఫోటో అడుగుతాను. ఇసుకలో ఖాళీ జాగా కనిపించకపోతే టీ ఇచ్చి పంపిస్తాను, జీనియా ఇవ్వను. దీనివల్ల కొందరు నాకు మూడీ అని పేరు పెట్టారు, పెట్టనీ.

ఎవరూ తీసుకోని ముక్కలు మిగిలితే లెదర్, జీనియా, స్టార్ పాలిప్‌లను ఒక రోజు మంచినీళ్ళలో వదిలి, చచ్చాక పేపర్లో చుట్టి చెత్తలో వేయండి. జోవాలను గాలి ఆడే చోట, మూత ఉన్న పాత బకెట్లో, ఒక పాలు ఇంటి బ్లీచ్‌కు తొమ్మిది పాళ్ళు నీళ్ళు కలిపి కనీసం అరగంట నానబెట్టాలి. అందులో టాయిలెట్ క్లీనర్ గానీ సిర్కా గానీ కలపకూడదు, కలిస్తే ఇంకో విషవాయువు పుడుతుంది. ఆ బ్లేడు, ఆ గ్లౌజులు, ఆ రుమాలు కూడా అదే నీళ్ళలో వేసి, తర్వాతే పారేయండి. బకెట్ మీద స్కెచ్ పెన్నుతో టాంకు అని రాసి, బాత్‌రూమ్ బకెట్లతో కలవకుండా బాల్కనీలో పెట్టుకోండి.